నాన్నగారి పీఎస్‌ఏ 11.6 వచ్చింది, వెంటనే బయాప్సీ చేయించాలా?

తెనాలి కుర్రవాడు అడుగుతున్నారు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 67. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మూత్రం ధార సన్నబడటం, రాత్రిళ్లు మూడు నాలుగు సార్లు లేవడం నాలుగైదేళ్లుగా ఉన్నా, వయసు మీద పడితే అందరికీ ఉండేదేనని ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చారు. గత నెల జలుబు చేస్తే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు రోజులు వేసుకున్నారు. ఆ రెండో రోజు రాత్రే మూత్రం పూర్తిగా బిగిసిపోయి, పొత్తికడుపు రాయిలా ఉబ్బితే, తెల్లవారుజామున దగ్గరలోని నర్సింగ్‌హోముకు తీసుకెళ్లవలసి వచ్చింది. అక్కడ పైపు వేసి దాదాపు లీటరు మూత్రం తీశారు.

మర్నాడు చేసిన రక్త పరీక్షల్లో ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన పీఎస్‌ఏ 11.6, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 అని వచ్చాయి. పీఎస్‌ఏ నాలుగు లోపు ఉండాలని రిపోర్టు మీదే అచ్చు వేసి ఉంది. ఐదు రోజుల తర్వాత పైపు తీసేశారు, టామ్సులోసిన్ మాత్రతో ప్రస్తుతానికి మూత్రం వస్తోంది. వచ్చే వారం మలద్వారం గుండా సూదితో పన్నెండు ముక్కలు తీసి బయాప్సీకి పంపిద్దామని అక్కడి వైద్యులు అంటున్నారు. మా మేనమామ మాత్రం సూది పడితే లేని క్యాన్సర్ కూడా పాకుతుందని భయపెడుతున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఏ నిర్ణయమైనా ఫోన్లోనే తీసుకోవాలి. వెంటనే బయాప్సీకి ఒప్పుకోవడమా, ఇంకొకరికి చూపించడమా? నాన్నగారికి ఆ సంఖ్య ఇంకా చెప్పలేదు.

విశాఖ యూరాలజిస్టు సమాధానం:

మీ నాన్నగారిని పరీక్షించకుండా చెబుతున్న మాటలు కాబట్టి వీటిని వారిని చూసే వైద్యుడిని అడగవలసిన ప్రశ్నలుగా తీసుకోండి. ముందుగా, ఆ 11.6 అనే సంఖ్యను ఏ రోజున తీశారో చూడండి. పీఎస్‌ఏ క్యాన్సర్ తయారుచేసే పదార్థం కాదు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలోని మామూలు కణాలే దాన్ని తయారుచేస్తాయి, అందులో కొద్ది పాలు రక్తంలోకి చేరుతుంది. గ్రంథి పెరిగినా, వాచినా, ఇన్ఫెక్షన్ సోకినా, మూత్రం బిగిసినా, పైపు వేసినా రక్తంలోకి చేరేది ఎక్కువవుతుంది. మీ నాన్నగారికి వీటిలో కనీసం మూడు ఒకేసారి జరిగాయి, రక్తం తీసింది ఆ మర్నాడే. అటువంటి రోజున వచ్చిన పీఎస్‌ఏను నేనైతే కేసు షీటులో రాసుకుంటాను గానీ దాని మీద ఏ నిర్ణయమూ కట్టను. మూత్రం కల్చర్ చేయించి, ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందు పూర్తిగా వాడించి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి అదే పరీక్ష మళ్లీ చేయిస్తాను. ఆ పరీక్షకు ముందు రెండు రోజులు సైకిలు తొక్కవద్దనీ, వీర్యస్ఖలనం లేకుండా చూసుకోమనీ చెబుతాను. ఈ రెండో మాట మన ఇళ్లలో కొడుకు తండ్రికి చెప్పలేడు కాబట్టి వైద్యుడే నేరుగా చెప్పాలి.

రెండో పరీక్షలోనూ ఎక్కువగానే వస్తే ఆ తర్వాతి మెట్టు ఎంఆర్‌ఐ. గత పదేళ్లలో ఈ రంగంలో జరిగిన అసలు మార్పు ఇదే. ఒకప్పుడు పీఎస్‌ఏ ఎక్కువైతే నేరుగా బయాప్సీకి వెళ్లేవాళ్లం. గ్రంథిలో గడ్డ ఎక్కడుందో తెలియకుండా పన్నెండు చోట్ల గుచ్చడమంటే చీకట్లో రాయి వేయడమే, పెద్ద గడ్డ తప్పిపోయి, పట్టించుకోనవసరం లేని చిన్నది దొరికే సందర్భాలు తక్కువేమీ కాదు. 2018లో వెలువడిన ప్రెసిషన్ అనే అధ్యయనంలో 500 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి పాత పద్ధతిలోనూ, మరో వర్గానికి ముందు ఎంఆర్‌ఐ తీసి అనుమానాస్పదమైన చోట మాత్రమేనూ బయాప్సీ చేశారు. ఎంఆర్‌ఐ వర్గంలో 28 శాతం మందికి సూది అవసరమే పడలేదు. అయినా చికిత్స అవసరమయ్యే క్యాన్సర్లు ఆ వర్గంలోనే ఎక్కువ దొరికాయి, 26 శాతానికి బదులు 38 శాతం. ముందు బయాప్సీ చేసి తర్వాత ఎంఆర్‌ఐ తీయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎందుకంటే సూది గుచ్చిన చోట గడ్డకట్టిన రక్తం కొన్ని వారాల పాటు బొమ్మను పాడుచేస్తుంది.

క్రియాటినిన్ 1.8 ఉందని రాశారు. మూత్రం బిగియడం వల్ల మూత్రపిండాల మీద ఒత్తిడి పడి పెరిగి ఉండవచ్చు, పైపు తర్వాత తగ్గిందో లేదో రెండో పరీక్షలో తప్పక చూడండి. ఒకవేళ తగ్గకపోయినా ఎంఆర్‌ఐ ఆగనవసరం లేదు. నరంలోకి ఎక్కించే కాంట్రాస్టు మందు లేకుండా తీసిన ఎంఆర్‌ఐ కూడా మందుతో తీసినదానికి తీసిపోదని 12 దేశాల్లో 490 మంది మీద జరిగిన ప్రైమ్ అధ్యయనం 2025లో చూపించింది. రెండు విధాలుగానూ ముఖ్యమైన క్యాన్సర్లు దొరికింది దాదాపు 29 శాతం మందిలోనే. మందు లేకుండా తీస్తే ఖర్చూ, సమయమూ తగ్గుతాయి గానీ బొమ్మ నాణ్యంగా ఉండాలి, ప్రోస్టేట్ ఎంఆర్‌ఐలు చదవడం అలవాటున్న రేడియాలజిస్టు చేతికి వెళ్లాలి. ఈ రెండో షరతే మన జిల్లా కేంద్రాల్లో అసలు చిక్కు, యంత్రాలు చాలా ఊళ్లకు వచ్చాయి గానీ చదివే కళ్లు ఇంకా అన్ని చోట్లకూ రాలేదు.

బయాప్సీ తప్పనిసరైతే మలద్వారం గుండా కాక, వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా సూది పంపే పద్ధతి మీ దగ్గర చేస్తారేమో అడగండి. మలద్వారం గోడను దాటిన ప్రతి సూదీ పేగులోని బ్యాక్టీరియాను కొంత గ్రంథిలోకి, అక్కణ్నుంచి రక్తంలోకి తీసుకెళ్లే అవకాశం ఉంది. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని బ్యాక్టీరియా విస్తారంగా ఉండటం వల్ల ముందు జాగ్రత్తగా వేసే ఆ మాత్ర చాలామందిలో పనిచేయడం లేదు. బయాప్సీ అయిన రెండో రోజున చలిజ్వరంతో ఐసీయూకు వచ్చిన వారిని నేను చూశాను. చర్మం గుండా చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది, స్థానికంగా మత్తు ఇచ్చి ఔట్‌పేషెంటుగానే చేసి పంపవచ్చు.

మేనమామగారి భయం చాలా ఇళ్లలో వినేదే. ప్రోస్టేట్ విషయంలో సూది వల్ల క్యాన్సర్ పాకడం వైద్యంలో అత్యంత అరుదు, ఆ భయంతో అవసరమైన బయాప్సీ మానుకోవడం వల్ల జరిగే నష్టం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఇక జలుబు మాత్రల సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. ముక్కు కారడం ఆపే మాత్రల్లో ఉండే డీకంజెస్టెంటు మూత్రాశయం ముఖద్వారాన్ని బిగిస్తుంది, అలర్జీ మందు మూత్రాశయం కండరాన్ని నీరసపరుస్తుంది. పెరిగిన ప్రోస్టేటు ఉన్న పెద్దాయనకు ఆ రెండూ కలిసిన మాత్ర ఇస్తే జరిగేది అదే.

కూకట్‌పల్లి నుంచి ఒకరి సమాధానం:

డాక్టరుగారు సంఖ్య అబద్ధంగా ఎక్కువ రావడం గురించి చెప్పారు, మా ఇంట్లో దానికి తలకిందులుగా జరిగింది కాబట్టి రాస్తున్నాను. మా బాబాయి రెండేళ్లు టామ్సులోసిన్, పెరిగిన ప్రోస్టేటును కుదించే డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర వాడారు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో పీఎస్‌ఏ 3.4 వస్తే రిపోర్టులో ఆకుపచ్చ గుర్తు చూసి అందరం సంతోషించాం. తర్వాత వేరే యూరాలజిస్టు చూసి, డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుందనీ, అందుకని ఆ 3.4ను 6.8గా చదవాలనీ చెప్పారు. ఆ మాట ప్యాకేజీ రిపోర్టులో ఎక్కడా లేదు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే రక్తం తీసిన ల్యాబుకు ఆయన ఏ మాత్రలు వేసుకుంటున్నారో తెలియదు. బట్టతలకు ఫినాస్టెరైడ్ వాడే కుర్రాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుందట. మీ నాన్నగారి మాత్రల చీటీలో డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉన్నాయేమో ఒకసారి చూడండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి సమాధానం:

నేను నాలుగేళ్లుగా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో, ఏ చికిత్సా లేకుండా బతుకుతున్నాను. ఈ వాక్యం చదివి మీకు కలిగే ఆశ్చర్యమే నాలుగేళ్ల కిందట మా ఇంట్లో పెద్ద గొడవగా మారింది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

నా బయాప్సీలో పన్నెండు ముక్కలకు రెండింటిలో మాత్రమే క్యాన్సర్ కనిపించింది. క్యాన్సర్ ఎంత దూకుడైనదో చెప్పే గ్లీసన్ స్కోరు 3 ప్లస్ 3, అంటే 6. ఈ స్కోరు 6 కన్నా తక్కువ ఉండదని నాకు అప్పుడు తెలియదు. పదికి ఆరు అంటే సగం దాటిపోయిందనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. నిజానికి అది ఉన్న వాటిలో అన్నిటికన్నా మందకొడి రకం. ఈ గందరగోళం వల్లనే ఇప్పుడు పాథాలజీ రిపోర్టుల్లో 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూపు కూడా రాస్తున్నారు, నాది గ్రూపు 1. మా ఆవిడా పిల్లలూ ఏకగ్రీవంగా తీయించేయమన్నారు. మా బావమరిది రోబో సర్జరీకి అంచనా కూడా తెప్పించాడు.

మా డాక్టరు మాత్రం ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని మూడు వర్గాలుగా విడదీసి ఒక వర్గానికి ఆపరేషను, ఒక వర్గానికి రేడియేషను, మూడో వర్గానికి క్రమం తప్పని పరిశీలన మాత్రమే ఇచ్చారు. పదిహేనేళ్ల తర్వాత 2023లో ఫలితాలు ప్రచురించేనాటికి మొత్తం మీద ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయింది 2.7 శాతమే, మూడు వర్గాల మధ్యా చెప్పుకోదగిన తేడా లేదు. అయితే పరిశీలన వర్గంలో క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినవారు 9.4 శాతం, మిగతా రెండింటిలో సుమారు 5 శాతం. ఈ రెండో సంఖ్యను కూడా దాచకుండా చెప్పినందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆపరేషను చేయించుకుంటే మూత్రం మీద అదుపు, అంగస్తంభన దెబ్బతినే అవకాశం ఉందని కూడా ఆయన మా ఆవిడ ఎదుటే స్పష్టంగా చెప్పారు. ఆ గదిలో అందరం నేల చూపులు చూశాం గానీ ఆ మాట అక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?

ఇప్పుడు ఆరు నెలలకొకసారి పీఎస్‌ఏ, ఆయన చెప్పినప్పుడల్లా ఎంఆర్‌ఐ, మధ్యలో ఒకసారి మళ్లీ బయాప్సీ అయ్యాయి, గ్రేడు మారలేదు. పరీక్ష ముందు వారం రోజులు మనసు బాగుండదు, ఆ మాట నిజం. నిఘాలో ఉండటమంటే వదిలేయడం కాదు, తేదీ తప్పితే ఫోను చేసి తిట్టే డాక్టరు ఉండటం.

వరంగల్ సభ్యుడి సమాధానం:

పై మాటలు చదివి ఎవరూ పరీక్షలు వాయిదా వేసుకోకూడదని రాస్తున్నాను. మా అన్నయ్యకు నడుము నొప్పి మొదలై ఎనిమిది నెలలు డిస్కు జారిందని ఫిజియోథెరపీ, బెల్టు, నొప్పి మాత్రలతో గడిపారు. కాళ్లు తిమ్మిరెక్కాక తీసిన స్కానులో వెన్నెముకలో మచ్చలు కనిపించాయి, అప్పుడు చూసిన పీఎస్‌ఏ 340. అంతకుముందు ఏ ఒక్కరూ 62 ఏళ్ల మనిషికి ఆ పరీక్ష రాయలేదు. ఎక్కడికెక్కడికి పాకిందో పీఎస్‌ఎంఏ పెట్ స్కానులో ఒకేసారి తెలిసింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి హార్మోను ఇంజెక్షను, రోజూ అబిరాటెరోన్ మాత్రలతో ఆయన పొలానికి వెళ్లివస్తున్నారు. అవి మన దేశంలో జెనరిక్‌గా దొరుకుతున్నాయి కాబట్టి భరించగలుగుతున్నాం. కానీ మొదట్లోనే పట్టుకుని ఉంటే ఈ దశ వచ్చేదే కాదని మా వదిన ఇప్పటికీ ఏడుస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు 2025 మేలో గ్లీసన్ 9 క్యాన్సర్ ఎముకలకు పాకిన దశలో బయటపడింది, ఆయన చివరి పీఎస్‌ఏ పరీక్ష 2014లో జరిగిందని ఆయన ప్రతినిధే చెప్పారు. అంతటివారికే అలా జరిగినప్పుడు ‘ఆగండి, ఆరు వారాలు చూద్దాం’ అనే మాట మా ఇంటివాళ్లకు ముల్లులా గుచ్చుకుంటుంది.

విశాఖ యూరాలజిస్టు సమాధానం:

వరంగల్ సోదరుడి బాధలో న్యాయం ఉంది, ఆయన అన్నయ్యకు జరిగింది ఆలస్యమే. ఏభై దాటిన మగవారికి తగ్గని నడుము నొప్పి వస్తే పీఎస్‌ఏ చూడాలి, అందులో రెండో మాట లేదు. అయితే 340ని చూసి ఎవరూ ఆగమనరు, పైపు వేసిన మర్నాటి 11.6ను చూసి ఆగమంటున్నాం. గ్రంథిని వేలితో పరీక్షించినప్పుడు గట్టి గడ్డ తగిలితే ఈ ఆరు వారాలు కూడా ఆగనవసరం లేదు. తెనాలి కుర్రవాడు ఆ పరీక్ష చేశారో లేదో రాయలేదు, అడగాలి.

ఆరోగ్యంగా ఉన్నవారందరికీ పీఎస్‌ఏ చేయాలా అనే తగవు ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. ఐరోపాలో లక్షా 60 వేల మందికి పైగా మగవారిని 23 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనం 2025 అక్టోబరులో వెలువడింది. పరీక్షకు పిలిచిన వర్గంలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి, అంటే 456 మందిని పిలిస్తే ఒక్క మరణం తప్పింది. అదనంగా బయటపడిన ప్రతి పన్నెండు క్యాన్సర్లకు ఒక్క ప్రాణం నిలిచింది. మిగతా పదకొండు మందిలో బ్యాంకు ఉద్యోగిగారి వంటివారు ఎందరో ఉన్నారు. వారందరికీ ఆపరేషను చేసి ఉంటే మేలు కన్నా కీడే ఎక్కువయ్యేది. అందుకే ముందు ఎంఆర్‌ఐ, తర్వాత నిఘా అనే వరస వచ్చింది. వరంగల్ సోదరా, మీ అన్నయ్యకు ఈ జబ్బు వచ్చింది కాబట్టి మీకు ముప్పు మామూలువారికన్నా సుమారు రెట్టింపు. మీ వయసు 45 దాటి ఉంటే ముందు మీ పీఎస్‌ఏ చూపించుకోండి.

తెనాలి కుర్రవాడు మళ్లీ రాస్తున్నారు:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. రెండో అభిప్రాయం తీసుకుంటామంటే అక్కడి డాక్టరుగారు ఏమీ అనుకోకుండా ఫైలు జిరాక్సు ఇచ్చారు, నేను అనవసరంగా జంకాను. డ్యూటాస్టెరైడ్ ఎప్పుడూ వాడలేదు. వేలితో చేసిన పరీక్షలో గ్రంథి పెద్దదిగా, మెత్తగా ఉందన్నారు. మూత్రం కల్చర్‌లో ఈకోలై అనే బ్యాక్టీరియా పెరిగితే యాంటీబయాటిక్ పూర్తిగా వాడారు. రెండో పీఎస్‌ఏ 6.3 వచ్చింది, క్రియాటినిన్ 1.2కు దిగింది. గుంటూరులో కాంట్రాస్టు లేకుండా ఎంఆర్‌ఐ తీయించాం. గ్రంథి పరిమాణం 74 మిల్లీలీటర్లు, ఒక చోట మచ్చకు పైరాడ్స్ 3 అని రాశారు, అంటే క్యాన్సర్ అనుమానాన్ని 1 నుంచి 5 దాకా చెప్పే కొలతలో మధ్య మెట్టు.

నాన్నగారికి ఇక దాచలేక అన్నీ చెప్పాను. ఆయన రిపోర్టులు ముందు పెట్టుకుని, ఇంత పెద్ద గ్రంథి ఇంత పీఎస్‌ఏ తయారుచేయడంలో వింత ఏముంది, ఒక్కో మిల్లీలీటరుకు ఎంత పడుతుందో చూడాలి కదా అని 6.3ను 74తో భాగించి 0.085 అని రాశారు. సరిగ్గా అదే లెక్కను మర్నాడు కొత్త డాక్టరుగారు ‘పీఎస్‌ఏ సాంద్రత’ అని చెప్పి, 0.15 కన్నా బాగా తక్కువగా ఉంది కాబట్టి మధ్యస్థమైన ఆ మచ్చకు ఇప్పుడే బయాప్సీ వద్దనీ, ఆరు నెలలకు మళ్లీ చూద్దామనీ అన్నారు. నాన్నగారు ఆ సాయంత్రమంతా చాలా హుషారుగా ఉన్నారు. మందుల మీద మూత్రం బాగానే వస్తోంది, మళ్లీ బిగిస్తే హోలెప్ అనే లేజర్ ఆపరేషను చేద్దామన్నారు. ఒక్క సందేహం మిగిలింది: వచ్చే నెల ఆయన కుడి కంటికి శుక్లం ఆపరేషను ఉంది, అది వాయిదా వేయాలా?

విశాఖ యూరాలజిస్టు సమాధానం:

వాయిదా అవసరం లేదు గానీ టామ్సులోసిన్ వాడుతున్నారని కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆ మందు కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను వదులుగా చేసి ఆపరేషను మధ్యలో ఇబ్బంది పెట్టగలదు, ముందే తెలిస్తే వారు తగిన జాగ్రత్తలు తీసుకుంటారు. రెండు రోజుల ముందు మాత్ర ఆపితే సరిపోతుందనుకుని మీ అంతట మీరు ఆపవద్దు, ఆపినా కంటి మీద ప్రభావం వెంటనే పోదు, మూత్రం మాత్రం మళ్లీ బిగియవచ్చు. హోలెప్ ఎప్పుడైనా చేయవలసి వస్తే తీసిన కండను పాథాలజీకి పంపారో లేదో అడగండి, ఆ మచ్చ ఉన్న భాగం అందులో ఉంటే దాని సంగతి కూడా తేలుతుంది. ఆరు నెలల తర్వాతి పీఎస్‌ఏను ఇప్పుడు చేసిన ల్యాబులోనే చేయించండి. వేర్వేరు ల్యాబుల యంత్రాల మధ్య తేడాలు ఉంటాయి, మాస్టారు వేసే తర్వాతి లెక్క సరిగ్గా రావాలి కదా.